టవర్ స్పీకర్లను ‘స్మాల్’ అని పెట్టడమా?

ప్రశ్న: మా హాలు 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. 11 అడుగుల గోడకు టీవీ, దానికి ఎదురుగా వెనక గోడకు ఆనించి సోఫా. ఈమధ్యే 5.1 హోమ్ థియేటర్ పెట్టించాను. ఏవీ రిసీవర్ (అన్ని స్పీకర్లకూ ధ్వనిని పంచే పెట్టె), రెండు టవర్ స్పీకర్లు, టీవీ యూనిట్‌లో చిన్న సెంటర్ స్పీకర్, వెనక రెండు చిన్న సరౌండ్లు, ఎడమ మూలలో 10 అంగుళాల సబ్ ఊఫర్. బిగించడానికి వచ్చినతను టవర్లను ‘లార్జ్’ అని పెట్టి, సెంటర్‌కీ సరౌండ్లకీ 150 హెర్ట్జ్ క్రాసోవర్ పెట్టి, ఊఫర్ వెనకున్న నాబ్‌ని 80 దగ్గర ఉంచి వెళ్ళిపోయాడు. రిసీవర్‌తో వచ్చిన మైకు డబ్బాలోంచి బయటికి తీయనేలేదు. పాటలు పెడితే ఊఫర్ అసలు మోగలేదు. టీవీ యాపుల్లో సినిమా పెట్టినా అంతే. ఫోన్ చేసి అడిగితే ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ అని మార్చమన్నాడు. మార్చాక అన్నింటికీ ఒకటే గుబగుబ. అది సోఫా మధ్యలో కూర్చున్న నాకు ఓ మాదిరిగా, చివర కూర్చున్న మా ఆవిడకు భరించలేనంతగా వినిపిస్తోంది. ఇంకో వింత, హీరో మాట్లాడితే గొంతు మూలనున్న ఊఫర్‌లోంచి వస్తుంది, హీరోయిన్ గొంతు మాత్రం టీవీ దగ్గరే ఉంటుంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది ‘అన్నీ స్మాల్ పెట్టు, 80 పెట్టు, వదిలెయ్’ అంటున్నాడు. 38 హెర్ట్జ్ దాకా వెళ్తాయని రాసున్న టవర్లను లక్ష పైచిలుకు పోసి కొని ‘స్మాల్’ అని పెట్టడమా? పెద్ద ఊఫర్ కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు మీ బావమరిది గారి మాటతో మొదలుపెడతాను. ఆయన చెప్పింది ముప్పాతిక పాళ్ళు సరైనదే. మిగతా పాతిక డాలస్‌కీ కాకినాడకీ ఉన్న తేడా. అది చివరికి వస్తుంది.

‘స్మాల్’ అనేది మీ టవర్ల పరువుకు సంబంధించిన మాట కాదు. రిసీవర్ మెనూలో ఆ మాటకు అర్థం ఒక్కటే: ఫలానా హెర్ట్జ్ కంటే కింది బేస్‌ను ఈ స్పీకర్‌కు పంపకు, సబ్‌కు, అంటే సబ్ ఊఫర్‌కు, పంపు. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం లోతవుతుంది. బేస్‌ను విడదీసే ఆ హద్దునే క్రాసోవర్ అంటారు. ‘లార్జ్’ అంటే మొత్తం ఈ స్పీకర్‌కే పంపు అని. మనిషెత్తు స్పీకర్‌నైనా స్మాల్ అని పెట్టవచ్చు, చాలాసార్లు పెట్టాలి కూడా. ఈ పేర్లు పెట్టినవాళ్ళు ఇంకాస్త ఆలోచించి ఉంటే మీలాంటివాళ్ళకు సగం అనుమానాలు రాకపోయేవి.

ఇప్పుడు మీ ఊఫర్ పాటలకు ఎందుకు మూగబోయిందో చూడండి. పాట అంటే రెండు చానళ్ళ ధ్వని, కుడి, ఎడమ. అందులో ఊఫర్ కోసమంటూ విడిగా ఏమీ ఉండదు. టవర్లు లార్జ్‌లో ఉన్నాయి కాబట్టి రిసీవర్ ఆ బేస్ అంతా టవర్లకే ఇచ్చింది. సబ్‌కు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అది చెడిపోలేదు, దానికి పని దొరకలేదు, అంతే. 5.1లో చివరి ‘.1’ సంగతి వేరు. దాన్ని ఎల్ఎఫ్ఈ, అంటే ‘లో ఫ్రీక్వెన్సీ ఎఫెక్ట్స్’, అంటారు. పేలుళ్ళు, భూకంపాలు, మన సినిమాల్లో ఇంటర్వెల్ బ్యాంగ్ దగ్గర గుండె అదిరే దెబ్బలు, ఇలాంటివాటి కోసం మిక్సింగ్‌లోనే విడిగా పెట్టిన చానల్ అది. 120 హెర్ట్జ్ దాకా వెళ్తుంది, మిగతా చానళ్ళ కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ గట్టిగా మోగేలా దాన్ని అమరుస్తారు. స్పీకర్లు లార్జ్‌లో ఉన్నా స్మాల్‌లో ఉన్నా అది సబ్‌కే వెళ్తుంది.

మరి టీవీ యాపుల్లో సినిమా పెట్టినా ఎందుకు మోగలేదంటారా? క్రాసోవర్ జోలికి వెళ్ళే ముందు టీవీ సౌండ్ సెట్టింగ్స్ తెరిచి చూడండి. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ‘పీసీఎం’ అని ఉంటుందని నా అంచనా. అలా ఉంటే టీవీ 5.1ని రెండు చానళ్ళకు కుదించి ఏఆర్‌సీ కేబుల్ (టీవీ ధ్వనిని రిసీవర్‌కు తీసుకెళ్ళే కేబుల్) మీద పంపుతుంది. ఆ కుదింపులో మామూలుగా ఎల్ఎఫ్ఈని పక్కన పడేస్తారు. అంటే మీరు ఇన్నాళ్ళూ సినిమా చూసింది కూడా స్టీరియోలోనే అయ్యుండవచ్చు. ‘బిట్‌స్ట్రీమ్’ అనో ‘పాస్ త్రూ’ అనో ‘ఆటో’ అనో ఉన్నదానికి మార్చి, రిసీవర్ ముఖం మీద ‘డాల్బీ’ అన్న అక్షరాలు వెలుగుతున్నాయో లేదో చూడండి. అవి వెలగకుండా క్రాసోవర్ల గురించి ఎంత మాట్లాడుకున్నా దండగే.

బిగించినతను ఫోన్‌లో చెప్పిన ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ దగ్గరే అసలు చిక్కు మొదలైంది. అది పెడితే టవర్లు తమ బేస్ తాము వాయిస్తూనే ఉంటాయి, అదే బేస్‌ను సబ్ కూడా మళ్ళీ వాయిస్తుంది. ఒకే పందిట్లో రెండు మేళాలు అదే కీర్తన అందుకుంటే ఎలా ఉంటుందో అలా. మూడు పెట్టెలు, మూడు చోట్ల నుంచి, కొద్ది తేడా సమయాల్లో ఒకే స్వరం వదులుతుంటే కొన్ని చోట్ల అవి కలిసి ఉబ్బుతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బేస్ పెరిగినట్టు అనిపిస్తుంది, కానీ పెరిగింది గుబగుబే. దాన్ని ఉత్త ‘ఎల్ఎఫ్ఈ’కి తిప్పేయండి.

ఇక టవర్ల సంగతి. 38 హెర్ట్జ్ దాకా వెళ్తాయని రాసి ఉంది అన్నారు. పక్కన ‘±3 డీబీ’ (డీబీ అంటే డెసిబెల్) అని ఉందా, ‘−6’ ఉందా, ‘−10’ ఉందా, అసలేమీ లేదా? ఏమీ లేకపోతే ఆ అంకెకు పెద్ద విలువ లేదు. −10 అని ఉంటే 38 దగ్గర ఆ స్పీకర్ మామూలు కంటే 10 డెసిబెల్స్ తక్కువ మోగుతుంది, మన చెవికి దాదాపు సగం శబ్దంలా వినిపిస్తుంది. పైగా అది ఎంత గట్టిగా పెడితే అన్న ప్రశ్న ఉండనే ఉంది. స్పీకర్ కోన్, అంటే శబ్దం పుట్టించడానికి ఊగే పొర, విషయంలో ఒక నిక్కచ్చి లెక్క ఉంది. అదే శబ్ద స్థాయిలో హెర్ట్జ్ సగమైతే కోన్ ముందుకూ వెనక్కూ నాలుగు రెట్లు కదలాలి. 80 దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే చాలుననుకుంటే, 40 దగ్గర నాలుగు, 20 దగ్గర పదహారు. టవర్‌లో ఉన్న ఆరున్నర అంగుళాల కోన్లు అంత దూరం ఊగడానికి చేసినవి కావు. టవర్‌కు పోర్టు, అంటే వెనకో ముందో గొట్టం కన్నం, ఉంటే ఇంకో ఇబ్బంది. ఆ పోర్టు ట్యూన్ చేసిన హెర్ట్జ్ కంటే కిందికి వెళ్ళాక కోన్‌ను పట్టి ఉంచే గాలి ఒత్తిడి ఉండదు, అది అదుపు లేకుండా ఊగుతుంది. అదే కోన్ ఆ క్షణంలో మగ గొంతునో, మృదంగం కుడివైపు నాదాన్నో కూడా పలికించాల్సి ఉంటే అదీ బురదగా మారుతుంది.

ఇక్కడ రిసీవర్ వైపు నుంచి కూడా చూడాలి. పెట్టె మీద ఎన్ని వాట్లని రాసినా, అందులో ఉన్నది ఒకే పవర్ సప్లై, దాన్నే అన్ని చానళ్ళూ పంచుకుంటాయి. సినిమాలో కరెంటును ఎక్కువగా తాగేది బేస్. మీ సబ్‌లో దాని సొంత యాంప్లిఫయర్ ఉంది. బేస్‌ను అటు పంపితే రిసీవర్ భారం తగ్గుతుంది, టవర్లు ఊపిరి పీల్చుకుంటాయి, పెద్ద వాల్యూమ్‌లోనూ మాటలు తేటగా ఉంటాయి. మీ లక్ష రూపాయల విలువ కనిపించేది అక్కడే, 38 దగ్గర కాదు.

పైగా 80 అని పెట్టగానే టవర్లు 79 దగ్గర నోరు మూసుకోవు. క్రాసోవర్ అంటే గోడ కాదు, వాలు. చాలా రిసీవర్లలో స్పీకర్ వైపు ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది, సబ్ వైపు 24 చొప్పున. ఆక్టేవ్ అంటే హెర్ట్జ్ రెట్టింపు కావడమో సగం కావడమో. కాబట్టి 60 దగ్గర కూడా మీ టవర్లు మోగుతూనే ఉంటాయి, 100 దగ్గర సబ్ కూడా కాస్త పలుకుతూనే ఉంటుంది. ఆ మధ్య ప్రాంతంలో ఇద్దరూ చేయి కలుపుతారు. స్పీకర్ తన శక్తి అంచున ఉన్నచోట చేయి కలిపితే పట్టు ఉండదు. అందుకే స్పీకర్ నిజంగా −3 డెసిబెల్స్ దగ్గర ఎక్కడ ఆగుతుందో దానికి కనీసం సగం ఆక్టేవ్ పైన క్రాసోవర్ పెట్టుకుంటే మంచిది. 55 దగ్గర ఆగే స్పీకర్‌కు 80 చక్కగా సరిపోతుంది.

80 అన్న అంకె కూడా ఎవరో నోటికొచ్చినట్టు చెప్పింది కాదు. 1980లలో లూకాస్‌ఫిల్మ్ అనే సినిమా సంస్థలో టాంలిన్సన్ హోల్మన్ థియేటర్ల ధ్వని కోసం టీహెచ్ఎక్స్ ప్రమాణాలు రూపొందించారు. ఆ తర్వాత వాటి ఇంటి రూపం వచ్చినప్పుడు క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర నిలిపారు. కారణం మన చెవులే. దాదాపు 80 కింద శబ్దం ఏ మూల నుంచి వస్తోందో మనిషి సులువుగా చెప్పలేడు. అక్కడ ఒక అల పొడవే 14 అడుగులు ఉంటుంది, రెండు చెవుల మధ్య దూరం దానికి లెక్కలోకి రాదు. పైకి వెళ్ళేకొద్దీ దిక్కు తెలిసిపోతుంది.

మీ హీరో గొంతు మూలలోంచి రావడానికి కారణం అదే. మగ గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆడ గొంతుది సుమారు 165 నుంచి 255 మధ్య. మీ సెంటర్ క్రాసోవర్ సరిగ్గా 150. అంటే హీరో గొంతులో గంభీరమైన భాగమంతా ఎడమ మూలకు వలస పోయింది, హీరోయిన్ గొంతు దాదాపు పూర్తిగా సెంటర్‌లోనే ఉండిపోయింది. మీరు వింత అని రాసిన ఆ ఒక్క వాక్యం చాలు, సెట్టింగ్ ఎక్కడ తప్పిందో చెప్పడానికి. ఉత్తరాల్లో ఇలాంటి వివరం రాసేవాళ్ళు అరుదు. చాలామంది ‘సౌండ్ బాగోలేదు’ అని మాత్రం రాస్తారు.

ఇంకో దోషం ఊఫర్ వెనకున్న నాబ్. రిసీవర్ లేకుండా సబ్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలించేవాళ్ళ కోసం పెట్టిన నాబ్ అది. మీకు రిసీవరే కోత కోస్తోంది. సబ్ కూడా 80 దగ్గర మళ్ళీ కోస్తే రెండు వాలులూ కలిసి 80 చుట్టుపక్కల పెద్ద గుంట పడుతుంది. డప్పు మీద కర్ర తగిలిన ‘ధన్’ అన్న దెబ్బ పోయి, తర్వాత వచ్చే ‘గుమ్మ్’ మాత్రమే మిగులుతుంది. ఎల్ఎఫ్ఈలో 80 నుంచి 120 మధ్య ఉన్నదీ పోతుంది. నాబ్‌ను చివరిదాకా తిప్పేయండి. ‘ఎల్ఎఫ్ఈ’ అని రాసిన ఇన్‌పుట్ ఉంటే కేబుల్ అందులో పెట్టండి, అప్పుడు చాలా సబ్‌లలో ఆ నాబ్‌కు పనే ఉండదు. సబ్ వాల్యూమ్ నాబ్ మధ్యలో ఉంచండి. రిసీవర్ మెనూలో ‘ఎల్పీఎఫ్ ఫర్ ఎల్ఎఫ్ఈ’ అని ఇంకో అంకె కనిపిస్తుంది, అది 120 ఉంటుంది. అది క్రాసోవర్ కాదు, దాని జోలికి పోవద్దు. దాన్ని 80కి దింపమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మిక్సింగ్ చేసినవాళ్ళు పెట్టిన శబ్దాన్ని మనం కోసి పారేయడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు మైకు బయటికి తీయండి. మీ గదిలో స్పీకర్లు ఎలా మోగుతున్నాయో రిసీవర్ కొలిచేది దానితోనే. కానీ కొలతలకు ముందే సబ్‌కు సరైన చోటు వెతకాలి. ఎందుకంటే మీ గుబగుబలో పెద్ద వాటా క్రాసోవర్‌ది కాదు, హాలుది. ఒక చిన్న లెక్క చేద్దాం. 565ని గది కొలత అడుగులతో భాగిస్తే ఆ దిశలో గది తనంతట తాను ఎక్కడ మోగుతుందో తెలుస్తుంది. మీ 18 అడుగులకు 31 హెర్ట్జ్, 11 అడుగులకు 51. స్లాబు 10 అడుగుల ఎత్తులో ఉంటే ఆ దిశలో 56. పొడవు దిశలో రెండోసారి 62 దగ్గర కూడా మోగుతుంది. 51, 56, 62 పక్కపక్కనే గుంపుగా కూర్చున్నాయి చూశారా? పాటలో ఆ ప్రాంతపు స్వరం ఏది పడినా గది పట్టుకుని సాగదీస్తుంది. అన్ని పాటలకూ ఒకటే గుబగుబ అన్నారే, అది ఇదే.

మీకూ మీ ఆవిడకూ తేడా ఎందుకంటే, 11 అడుగుల వెడల్పులో మోగే ఆ 51 హెర్ట్జ్ అల పక్క గోడల దగ్గర బలంగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. మీరు సోఫా మధ్యలో ఉన్నారు కాబట్టి మీకు అది వినపడదు. ఆవిడ చివర కూర్చుంది కాబట్టి ఆవిడకు వినపడుతుంది. ఆవిడ ఫిర్యాదును కొట్టిపారేయకండి, మీ ఇద్దరిలో గదిని సరిగ్గా వింటున్నది ఆవిడే. సోఫా వెనక గోడకు ఆని ఉండటం వల్ల పొడవు దిశలో మోగే 31, 62 కూడా ఇద్దరికీ పూర్తి బలంతో తగులుతున్నాయి. సోఫాను ఒకటిన్నర, రెండు అడుగులు ముందుకు జరపగలిగితే జరపండి. హాలు మధ్యలోకి వచ్చేసినట్టు ఉందని ఇంట్లో గొడవైతే కనీసం అడుగు.

ఇక మూల. సబ్‌ను మూలలో పెడితే గదిలోని అన్ని మోతలూ ఒకేసారి లేస్తాయి. శబ్దం ఎక్కువ వస్తుంది కాబట్టి బిగించేవాళ్ళకు మూల ఇష్టం. మూల నుంచి టీవీ గోడ వెంబడే నాలుగు అడుగులు లోపలికి జరిపితే ఆ 51 హెర్ట్జ్‌ను రెచ్చగొట్టడం సగానికి పైగా తగ్గుతుంది. గోడ మధ్యకు వెళ్తే దాదాపు పోతుంది, కానీ అక్కడ టీవీ యూనిట్ ఉంటుంది. లెక్క కంటే చెవిని నమ్ముతానంటే, సబ్‌ను తీసుకెళ్ళి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ గిటారు స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి నడిచే పాట ఏదైనా మళ్ళీ మళ్ళీ వేసి, మీరు మోకాళ్ళ మీద టీవీ గోడ పొడవునా పాకుతూ వినండి. ఏ చోట స్వరాలన్నీ ఇంచుమించు సమానంగా వినిపిస్తాయో అక్కడ సబ్ పెట్టాలి. ఎక్కువ వినిపించే చోటు కాదు, సమానంగా వినిపించే చోటు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. పైసా ఖర్చు లేని పని, ఏ సెట్టింగూ ఇంత తేడా తీసుకురాదు.

డాలస్‌కీ కాకినాడకీ తేడా అన్నది ఇక్కడే. అక్కడి ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రాల మీద జిప్సం బోర్డు కొట్టినవి. ఆ గోడలు బేస్‌కు కొద్దిగా వంగి దాన్ని కొంత మింగేస్తాయి, కొంత అవతలికి పోనిస్తాయి. పైగా కార్పెట్లు. మన ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు, టైల్స్ నేల దాన్ని అలాగే తిప్పి కొడతాయి. అందుకే ఆయన ఇంట్లో 80 పెట్టి వదిలేస్తే సరిపోయింది. మీ ఇంట్లో 80 పెట్టాక గదితో ఇంకో బేరం మిగిలే ఉంటుంది. తివాచీ పరిస్తే, మందపాటి కర్టెన్లు కడితే మాటల ప్రతిధ్వని తగ్గుతుంది గానీ 51 హెర్ట్జ్‌కు అవి అడ్డే కావు.

చోటు కుదిరాక మైకుతో కొలవండి. ఫ్యాను, ఏసీ ఆపండి, వంటింట్లో కుక్కర్ కూత లేని వేళ చూసుకోండి. మైకును సోఫా వీపు మీద ఆనించకుండా కెమెరా ట్రైపాడ్ మీద, కూర్చున్నప్పటి చెవి ఎత్తులో ఉంచండి. ఒక్క చోటే కాకుండా మీ ఆవిడ కూర్చునే చోట కూడా కొలవండి. మీ రిసీవర్‌లో ఉన్న కొలత ప్రోగ్రాం ఆడిస్సీ అయినా, యమహా వాళ్ళ వైపావో అయినా, డిరాక్ అయినా పద్ధతి ఇంచుమించు ఇదే. కొలత పూర్తయ్యాక రిసీవర్ మీ టవర్లను మళ్ళీ ‘లార్జ్’ అని చెప్పే అవకాశం చాలా ఉంది. గది సాయంతో అవి కిందిదాకా మోగినట్టు కనిపిస్తాయి కదా, అందుకు. మొహమాటం లేకుండా స్మాల్ చేసి 80 పెట్టండి. పాటల్లో టవర్ల సొంత గొంతు ఇంకాస్త వినాలనుంటే 60 ప్రయత్నించవచ్చు, అంతకంటే కిందికి అనవసరం.

సెంటర్‌కు రిసీవర్ ఎంత క్రాసోవర్ చెప్తుందో చూసి, దానికంటే కిందికి మాత్రం దించకండి. తాను కొలిచిన చోటికి కింద ఆ స్పీకర్‌ను సరిదిద్దే పని అది చేసి ఉండదు. పైకి పెంచడంలో తప్పు లేదు. 90 చెప్తే 90 ఉంచండి, 60 చెప్తే 80 చేయండి. టీవీ యూనిట్ అరలో ఇరికించిన చిన్న సెంటర్లకు అర వల్లే కొంత బేస్ అదనంగా చేరుతుంది, దాన్ని అరలో వెనక్కి నెట్టకుండా ముందు అంచుకు లాగండి. సరౌండ్లకు 100, 120 వస్తే అలాగే వదిలేయండి. ఒక్కో స్పీకర్‌కు ఒక్కో అంకె ఉండవచ్చు, అన్నీ ఒకటే కావాలన్న నియమం లేదు.

కొలతలో సబ్ దూరం చూసి కంగారు పడకండి. టేపుతో కొలిచినదానికంటే ఆరేడు అడుగులు ఎక్కువ చూపించవచ్చు. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి, మిల్లీసెకనుకు ధ్వని అడుగుకు కాస్త పైన ప్రయాణిస్తుంది. ఆ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కవేస్తుంది. ‘తప్పు చూపిస్తోంది’ అని టేపు కొలత ఎక్కించారో, పని చెడినట్టే. 80 హెర్ట్జ్ అల పొడవు 14 అడుగులని చెప్పానుగా, అందులో సగం ఏడు. ఏడు అడుగులు తేడా వస్తే సబ్ ముందుకు నెడుతున్నప్పుడు టవర్ వెనక్కి లాగుతుంది, సరిగ్గా చేయి కలపాల్సిన చోట ఒకరినొకరు చెరిపేసుకుంటారు.

దాన్ని పరీక్షించడం తేలిక. 80 హెర్ట్జ్ టోన్ ఒకటి వేసి, సబ్ వెనకున్న ‘ఫేజ్’ స్విచ్‌ను 0కీ 180కీ మార్చి మార్చి వినండి. మీరు కూర్చునే చోట ఎక్కువ గట్టిగా ఉన్నది సరైనది. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ ఉంటే ఇంకా మంచిది. దాని అంకె నిజమా కాదా అన్నది వదిలేయండి, దేనికి పెరుగుతోందో చూస్తే చాలు. ఇంకా ఓపికుంటే మెనూలో సబ్ దూరాన్ని ఒక్కో అడుగు అటూ ఇటూ మార్చి ఎక్కడ గరిష్ఠంగా వస్తుందో పట్టుకోండి.

సబ్ లెవల్ మైనస్ 12 దగ్గరకు వెళ్ళి ఆగిపోతే సబ్ వాల్యూమ్ నాబ్ ఎక్కువైందని అర్థం, తగ్గించి మళ్ళీ కొలవండి. అంతా అయ్యాక మీ రుచికి రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోండి, అది నేరమేమీ కాదు. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ సహజంగానే తక్కువ వినిపిస్తుంది. రాత్రిపూట ‘డైనమిక్ ఈక్యూ’ లాంటిది ఆన్ చేస్తే ఆ లోటు పూడుతుంది. పాటలకు ‘ప్యూర్ డైరెక్ట్’ బటన్ నొక్కితే మాత్రం చాలా రిసీవర్లు క్రాసోవర్ పనినే పక్కన పెట్టేస్తాయి, సబ్ మళ్ళీ మూగబోతుంది. ‘స్టీరియో’లో వినండి.

పెద్ద ఊఫర్ సంగతి. మీ 10 అంగుళాలది తీసి 12 అంగుళాలది అదే మూలలో పెడితే అదే గుబగుబ ఇంకాస్త గట్టిగా వస్తుంది. డబ్బు ఉండి, కొని తీరాలంటే ఇప్పుడున్నలాంటిదే రెండోది కొనండి. హార్మన్ కంపెనీలో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో ఈ లెక్కలన్నీ చేసి చూపించారు. ఎదురెదురు గోడల మధ్యలో రెండు సబ్‌లు పెడితే సీటుకూ సీటుకూ ఉండే తేడా బాగా తగ్గుతుంది. మీ హాల్లో అయితే టీవీ గోడ మధ్యకు వీలైనంత దగ్గరగా ఒకటి, సోఫా వెనక గోడ మధ్యలో ఒకటి. సోఫా ముందుకు జరిగితే ఆ రెండోదానికి చోటు దొరుకుతుంది. కానీ కొనేముందు ఉన్నదాన్ని మూలలోంచి తీసి, నాబ్ తిప్పి, పైన చెప్పినవన్నీ చేసి ఓ రెండు వారాలు వినండి. సోఫా చివరి సీట్లో మీరు కూర్చుని వినండి.